తీసేసిన వాక్యం

దేశాల్లాగే ప్రతి ఇల్లూ ఏటా తన రక్షణ విధానాన్ని ఆన్‌లైన్లో పెట్టి తీరాలని చట్టం వచ్చింది. పక్కింటివాళ్లు పిల్లి మీదే నాలుగు పేజీలు రాశారు. మా ఇంటి పత్రం కోడలు హైమ రాస్తుంది. అందులో 'ముప్పు' అన్నచోట నా ఫొటో ఉంటుంది. నాకు షుగరు మరి.

ఇంట్లో సున్నుండల వాసన వచ్చి మూడు రోజులైంది. కంటికి మాత్రం ఒక్కటీ కనబడలేదు. నేను ముప్పై ఏళ్లు పరదేశాల రక్షణ వెబ్‌సైట్లు చదివే ఉద్యోగం చేసినవాణ్ణి. ఆ పనిలో ఉన్నది కాదు, తీసేసింది చదవాలి. నిరుటి పత్రంలో "బియ్యం డ్రమ్ముకి కాపలా అక్కర్లేదు" అని ఉంది. నిన్న పెట్టిన పత్రంలో ఆ వాక్యం లేదు. అంటే కాపలా కాయాల్సిందేదో ఇప్పుడు ఆ డ్రమ్ములో ఉంది, ఇక చెప్పేదేముంది.

హైమ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. డబ్బా తగిలింది. నోరూరుతుండగా మూత తీశాను. లోపల షుగరు చూసే మిషను ఉంది.

"వారం నుంచి ఈ పరీక్ష తప్పించుకు తిరుగుతున్నారు కదా మామయ్యా," అంది హైమ గుమ్మంలోంచి. "ఆ వాక్యం మీకోసమే తీసేశాను. వేలు ఇలా ఇవ్వండి."