ఎదుటి కిటికీ

"ఒరేయ్, ఆపు! దాని వేర్లు కుళ్ళిపోతాయిరా!" వెనీస్‌లోని ఆ ఇరుకు కాలువ మీదుగా ఎర్మీనియా కేక వేసింది.

అవతలి గట్టున ఉన్నది ఆమె సొంత ఇల్లే. ఆమె వంటింటి కిటికీలో నిలబడి ఎవరో పర్యాటకుడు ఆమె జిరేనియం పూలకుండీలో జగ్గుతో నీళ్ళు గుమ్మరిస్తున్నాడు. కోడలు లోరెడానా ఇంటిని పర్యాటకులకు అద్దెకిచ్చి, అత్తగారిని ఈ బుల్లి అపార్ట్‌మెంట్ హోటల్లో దించింది. ఏటా వచ్చే కార్నివాల్ పండుగ అయ్యేదాకానే అంది. కార్నివాల్ రెండుసార్లు అయింది.

భాష తెలియని పర్యాటకుడు మురిసిపోయి చెయ్యూపాడు, ఫోటో తీసుకున్నాడు.

"తిడితే నవ్వుతాడేమే వీడు?"

"ఇంకాస్త తిట్టండి అత్తయ్యా," అంటూ లోరెడానా కాఫీ అందించింది. "నిన్న మీరు కనబడలేదని పాపం ఆయన నొచ్చుకున్నారు."

"నేను కనబడ్డమేమిటి?"

"ఇంటి అద్దె ప్రకటనలో రాశాం కదా! ఎదుటి కిటికీలో అసలుసిసలు వెనీస్ బామ్మ ఉంటుంది, రోజూ తిడుతుంది అని."

ఎర్మీనియా కాఫీ కప్పు కింద పెట్టేసింది. "ఆదివారం నన్ను ఇంటికి తీసుకెళ్తానన్నావు."

"తీసుకెళ్తే ఈ కిటికీలో ఎవరుంటారు అత్తయ్యా?"

 ఇక ఎవరికీ కనబడకూడదని ఎర్మీనియా కిటికీ రెక్కలు మూయబోయింది.

అవతల పర్యాటకుడు మళ్ళీ జగ్గు ఎత్తాడు. కుండీ అంచులు దాటి నీళ్ళు కారుతున్నాయి.

రెక్క మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఒరేయ్!"