పాలగిన్నెలో పన్ను

తాడాట ఆడుతూ మా అమ్మాయి అకెయో బోర్లా పడింది. ముందు పన్ను వేరుతో సహా ఊడి నా చేతికొచ్చింది. కొత్త పన్ను మొలవాలని, అలవాటుగా ఇంటి రేకుల మీదికి విసరబోయాను.

అత్తయ్య నా మణికట్టు పట్టేసుకుంది.

“తొమ్మిదేళ్లొచ్చాయి దానికి! ముందు పాలపళ్లు ఎప్పుడో రాలిపోయాయి. ఇది పోతే మళ్లీ రాదే మొద్దూ! వేరు ముట్టుకోకు, తుడవకు.”

టీకి ఉంచిన పాలలో పన్ను వేసి, చెప్పులైనా తొడుక్కోకుండా వీధిలోకి పరుగెత్తి కిరాయి బైకు ఆపింది. ముగ్గురం దానిమీదే ఎక్కాం.

పిల్లని నవ్విద్దామని అన్నాను: “ఒక్క పన్నుకే ఇంత హడావుడా అత్తయ్యా? మన లువో తెగ ఆచారమని చిన్నప్పుడు మీ కింది పళ్లు ఆరూ పీకేస్తే, కన్నీటి చుక్క రాల్చలేదని ఊరంతా చాటుతారుగా!”

“చాటుతాను. నీ వాగుడాపి పాలు ఒలక్కుండా పట్టుకో.”

డాక్టరు పన్నుని తిరిగి చిగుట్లోకి నొక్కుతుంటే, అకెయో నాయనమ్మ వైపు చూసి ఏడుపు దిగమింగుకుంది.

అత్తయ్య దాని చెయ్యి పట్టుకుంది.

“ఏడవ్వే తల్లీ, గట్టిగా ఏడువు. నా ఆరు పళ్లకీ కలిపి ఏడువు.”