బ్లెస్సీ వేలికి నా ఉంగరం

ఆ రోజుల్లో హాస్టల్లో చేరే ప్రతి పిల్లకీ ఇంట్లోవాళ్లు మనసు ఉంగరం తొడిగి పంపేవారు. అది వేలికుంటే చాలు, నా మనసెలా ఉందో తెనాలిలో మా ఫ్రిజ్ మీది దీపం చెప్పేది. బాగుంటే పచ్చ, బాగోకపోతే బూడిదరంగు.

నాది ఎప్పుడూ బూడిదే. అమ్మ గంటకోసారి ఫోన్ చేసేది. "ఎంతసేపే ఆ పడక? లేచి నాలుగడుగులు నడవ్వే!"

లేవలేకే కదా పడుకున్నది! నిద్రా రాదు, అటూ ఇటూ పొర్లడమే. విసిగిపోయి ఉంగరం తీసి పక్కమంచం బ్లెస్సీకి తొడిగాను. కరెంటు పోయినా నవ్వే పిల్ల అది. ఇంట్లో దీపం చూసేవాళ్లెవరూ లేక దాని వేలు ఖాళీగానే ఉండేది.

అమ్మ ఫోన్లు తగ్గాయి. నా పొర్లడం తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం అమ్మ చెప్పులైనా విప్పకుండా గదిలోకి వచ్చిపడింది. "దీపం నల్లగా మాడిపోయిందే! ఏమైందే తల్లీ?" అంటూ నన్ను వాటేసుకుంది.

నేను పక్కమంచం చూపించాను. దుప్పటి ముసుగులో బ్లెస్సీ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

అమ్మ వెళ్లి దాని తల ఒళ్లోకి తీసుకుంది. దాని వేలికున్న ఉంగరాన్ని గుర్తుపట్టింది. నా వైపు తిరిగింది.

"మరి ఇన్నాళ్లూ నీది ఏ రంగే?"