వంగే కర్ర

ఎర పట్టుకోవడం కూడా రాని మనిషి. గాలం కొక్కెం వేలికి దిగింది.

"అబ్బా!" అని చెయ్యి విదిలించాడు.

"రక్తం కింద పడకుండా చూసుకో పెద్దాయనా, తుడిచే ఓపిక లేదు నాకు," అన్నాడు రాయ్స్, కూర్చున్న చోటునుంచి కదలకుండానే.

అలబామాలో ఆ సరస్సు ఒడ్డున గాలాల కొట్టు రాయ్స్ టిడ్‌వెల్‌ది. ఒకప్పుడు అతని కబుర్ల కోసమే జనం వచ్చేవారు. మార్చిలో ఒక్కగానొక్క కొడుకు టేట్ ఆ సరస్సులోనే మునిగి చనిపోయాడు. అప్పట్నుంచి రాయ్స్ నోట మంచి మాట లేదు. నవ్వుతూ పడవ దింపే ఎవణ్ణి చూసినా అతనికి ఒళ్లు మంటే.

వచ్చినవాడు వేలు చప్పరించుకుంటూ ఎరను పైకెత్తి చూపించాడు. ముందు చిన్న రేకు, వెనక రబ్బరు కుచ్చు. నీళ్లలో లాగితే రేకు టపటపా కొట్టుకుంటుంది. ఆ అదురుకి బాస్ చేప ఎక్కడున్నా వచ్చి పడుతుంది.

"దీనికి ఎలాంటి గాలం కర్ర కావాలండీ? దారం ఏది వేసుకోవాలి?"

"బయటున్న పడవ నీదేనా?"

"నాదేనండీ."

"అంత పడవ పెట్టుకుని, కర్ర సంగతి తెలీదా?"

"నీళ్లమీద చాలా ఏళ్లు తిరిగాను. చేపలు మాత్రం ఎప్పుడూ పట్టలేదు."

"మరేం చేశావ్? అలలు లెక్కపెట్టావా?"

అతను నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు.

"ప్రాణమున్నది ఏదైనా... ఒక్కసారి ఆ నీళ్లలోంచి పైకి తీసి చూడాలని ఉంది," అన్నాడు మెల్లగా.

రాయ్స్‌కి ఆ మాట పుండు మీద కారంలా తగిలింది. తన బిడ్డను మింగిన నీళ్లలోంచి వీడికి ప్రాణమున్నది కావాలట!

రేకు ఎరకి వంగే కర్ర ఉండాలి. దారం కాస్త సాగాలి. చేప ఎరను నోట కరుచుకుని, నోరు మూసేదాకా కర్ర ఓపిక పట్టాలి. రాయ్స్‌ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు ఆ సంగతి.

లేచి వెళ్లి, గోడకున్న వాటిలో అన్నిటికన్నా బిర్రుగా, వంగకుండా ఉన్న కర్ర తీశాడు. పిసరంత కూడా సాగని అల్లిక దారం దానికి చుట్టి, చేతిలో పెట్టాడు.

"ఇదేనాండీ?"

"ఇదే. చేప తగిలీ తగలగానే గట్టిగా గుంజెయ్."

"చాలా థాంక్సండీ."

వెళ్తూ వెళ్తూ అతను గోడ మీద టేట్ ఫొటో ముందు ఆగాడు. టోపీ తీశాడు.

"అది అమ్మకానికి కాదు," అన్నాడు రాయ్స్.

కొన్నాళ్లకి మళ్లీ వచ్చాడు. ఎండకి ముఖం కమిలిపోయి ఉంది.

"వస్తున్నాయండీ, బాగానే తగులుతున్నాయి. నేను గుంజేసరికి వదిలేస్తున్నాయి. ఒక్కటీ పడవదాకా రావట్లేదు. నా చేతిలోనే ఏదైనా లోపమంటారా?"

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట రాయ్స్ గొంతుదాకా వచ్చింది కూడా.

"చేతిలోనే," అన్నాడు. "కొందరి చేతికి ప్రాణమున్నది ఏదీ రాదు."

అతను అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"అయ్యుండొచ్చండీ," అని తలుపు చప్పుడు కాకుండా మూసుకుని వెళ్లిపోయాడు.

ఆ పూట రాయ్స్‌కి ముద్ద దిగలేదు. అతను అరచేతులు చూసుకున్న ఆ తీరే కళ్లముందు ఆడింది. ఎవడో పరాయివాడు, తనకేం చేశాడని?

పొద్దున్నే వంగే కర్ర ఒకటి ఏరి తీశాడు. ఫైబర్ కర్ర, కొస పట్టుకుంటే విల్లులా వంగింది. నీళ్లలో కనపడని దారం తనే చుట్టాడు. రేకు ఎర తనే ముడివేశాడు. మార్చి తర్వాత ఒకరి కోసం అతను చేసిన మొదటి పని అది. కర్రను తలుపు పక్కన నిలబెట్టి, బండి చప్పుడైనప్పుడల్లా కిటికీలోంచి చూశాడు.

అతను రాలేదు. ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

చివరికి షెరిఫ్ ఆఫీసు నుంచి లామార్ వచ్చాడు. అతని చేతిలో ఆ బిర్రు కర్ర ఉంది.

"రాయ్స్ గారూ, ఇది మీ కొట్టుదే కదా? పిడి మీద మీ పేరు అంటించి ఉంది."

"నాదే. ఆయనేడీ?"

"పోయాడండీ. గుండె ఆగినట్టుంది. పడవ రెల్లు పొదల్లోకి కొట్టుకొచ్చి ఆగింది. కర్ర ఇంకా చేతిలోనే ఉంది. వర్జిల్ స్టాంప్స్ అని, టెనెసీ మనిషి. నా అనేవాళ్లెవరూ లేరట."

రాయ్స్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"పడవలో... చేప ఏదైనా ఉందా?"

"చేపా? ఒక్కటీ లేదండీ."

రాయ్స్ తలుపు పక్కన నిలబెట్టిన వంగే కర్ర వైపు చూశాడు.

"మీ దగ్గరికి వచ్చాడంటే చెప్పే ఉంటాడనుకున్నాను," అన్నాడు లామార్.

"ఏం చెప్పాలి?"

లామార్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అప్పట్లో తన పేరు మీకు తెలియనివ్వొద్దన్నాడు. ఇంకా దాచి ఏం లాభం? నీళ్లలో మునిగి పోయినవాళ్లని వెతికి తీయడమే ఇన్నేళ్లూ ఆయన పని. మేమంతా చేతులెత్తేసి ఒడ్డెక్కేశాక, ఒళ్లు కొంకర్లు పోయే ఆ చల్లటి నీళ్లలో ఒక్కడే దిగి వెతికి, మీ టేట్‌ని పైకి తెచ్చి మాకు అప్పగించింది ఆయనేనండీ."