చూపు దాచుకున్న ప్రయాణం

ఫోనుతో నడుస్తూ చూపునిచ్చే కళ్ళజోళ్ళు ఊరూరా వచ్చాక, చూపు పోయిన గంగారత్నం కూడా అందరిలాగే తిరగగలుగుతోంది. ఆ రోజు కూతురు పైడితల్లికి విశాఖలో గుండె ఆపరేషన్. లోపలికి తీసుకెళ్ళేలోగా పిల్ల మొహం చూడాలని భర్త సింహాద్రితో బస్సెక్కింది. నర్సీపట్నం దాటేసరికి ఫోనులో చార్జింగు పన్నెండు శాతమే మిగిలింది. ముసురు పట్టడంతో, ఎండతో నడిచే ఆ బస్సులో చార్జింగు ఆపేశారు. సింహాద్రి ఫోను పొద్దున్నే ఆగిపోయింది.

ఆమె మొదట కళ్ళజోడులో వెలుగు తగ్గించింది. తరవాత రంగులు తీసేసింది. అయినా శాతం జారిపోతూనే ఉంది.

"మొత్తం ఆపెస్తాను. నువ్వు సూసి సెప్పు," అంది.

సింహాద్రి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఏటి సెప్పమంటావు, వాన కురుస్తంది," అన్నాడు. కాసేపటికి, "జీడితోటలు ఎల్తన్నాయి. ఓ మేక బస్టాపులో నిలబడిపోనాది," అన్నాడు. ఆపైన దారంతా చెబుతూనే ఉన్నాడు.

ఆసుపత్రి మెట్లు అతని చెయ్యి పట్టుకునే ఎక్కింది. స్ట్రెచర్ పక్కకు చేరాకే కళ్ళజోడు ఆన్ చేసింది. పైడితల్లి నలుపు తెలుపుల్లో కనిపించి నవ్వింది.

"ఏడవకే అమ్మా, అద్దాలు మసకైపోతాయి."

తలుపు మూసుకునేదాకా చూపు నిలిచింది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి అంతా బాగా జరిగిందని చెప్పింది. నిండా చార్జింగున్న ఫోనుతో గంగారత్నం కూతుర్ని ఉంచిన అద్దాల గది ముందు నిలబడింది. ఏళ్ళ తరబడి నీలంగా ఉన్న పిల్ల పెదాలు ఎర్రబడ్డాయి.

"సూసినావా?" అంది.

"సూత్తన్నాను," అన్నాడు సింహాద్రి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.