ఎవరూ దాటని వంతెన

సుకిరమ్మ చోడి అంబలి కలుపుతుండగా వంటింటి గోడ మీద శాసనసభ కమిటీ వెలుగుబొమ్మగా ప్రత్యక్షమైంది. కొండ మండలి అధ్యక్షురాలిగా ఆమె ఎక్కడుంటే అక్కడే మండలి ఖర్చుల మీద విచారణ. ఆమె గరిటె ఆపలేదు.

"మీరు కట్టిన వంతెనను ఏడాదిగా ఒక్కరూ దాటలేదమ్మా. పట్టీల లెక్క సున్నా చూపిస్తోంది. మీ నిధులు ఆపేస్తున్నాం," అన్నాడు ఛైర్మన్ విశ్వపతి.

పుట్టిన ప్రతి మనిషి మణికట్టుకూ ప్రభుత్వం పట్టీ కట్టే రోజులవి. ఎవరెక్కడ అడుగేసినా అది నమోదు చేస్తుంది.

"వాగవతల మా పెద్దల్ని కప్పెట్టిన చోటుంది బాబూ. అక్కడికి ఒంటి మీద గాజైనా ఉంచుకోం. పట్టీలు తీసీసి, ఇవతలి గట్టున కొమ్మకి తగిలించి ఎల్తాం."

"పట్టీ చెప్పనిది మేం నమ్మలేం."

"అయితే గోడ దిగండి. కాళ్లతో వచ్చి నడవండి."

కమిటీ వాళ్లు పంతానికి కొండకి వచ్చారు. ఊరంతా కాపు కాసి వాళ్ల పట్టీలు కూడా విప్పించి కొమ్మకు తగిలించింది. పొంగుతున్న వాగు మీద కమిటీ మొత్తం వంతెన దాటి, సమాధులకు దండం పెట్టి, తిరిగొచ్చింది.

పట్టీ కట్టుకోగానే విశ్వపతి మణికట్టు పలికింది. "సభ్యులెవరూ వంతెన దాటలేదు. తనిఖీ జరగలేదు. ప్రయాణం ఖర్చు వెనక్కి కట్టవలెను."

ఆయన బిత్తరపోయి సుకిరమ్మ వైపు తిరిగాడు. "మీరంతా చూశారుగా! ఆ మాట చెప్పండమ్మా."

"ఎందుకు చెప్పం బాబూ, ఊరు ఊరంతా చెప్తాం," అందామె. "ముందు మీ సభలో మా ఊరి మాట చెల్లనివ్వండి."