అప్పడాల ముక్కలు

ఊళ్లో అందరికీ ఏదో ఒక శక్తి వచ్చేశాక, మధురవాడ కాలనీలో బలం ఒక వింత కాకుండా పోయింది. పైడితల్లికి మాత్రం కూతురి బలమే పెద్ద బెంగ. తనూజ చెయ్యి తగిలి గేటు వంగింది, కుళాయి ఊడింది, ఇంట్లో సొట్టపడని గ్లాసంటూ లేదు. అందుకే తమ్ముడు పుట్టి మూడు నెలలైనా ఆ పిల్ల వాణ్ణి ముట్టుకోలేదు.

చేతులకు మెత్తదనం అలవాటవ్వాలని పైడితల్లి రోజూ మేడ మీద ఎండిన అప్పడాలు తీసుకురమ్మని పంపేది. ఇంటిల్లిపాదీ అప్పడాల ముక్కలే తినేవారు. ఇవాళ తనూజ పళ్లెం నిండా తెచ్చింది. ఒక్కటీ విరగలేదు.

"అమ్మా, ఇప్పుడెత్తుకోనా?"

పైడితల్లి పళ్లెం అందుకుని పక్కన పెట్టి, బిడ్డను ఆ చేతుల్లో పెట్టింది. తనూజ ఊపిరి బిగబట్టింది. పసివాడు ఆవలించి, అక్క వేలు పట్టుకుని నిద్రపోయాడు.

అంతలో పక్కింటి రవణమ్మ తడిబట్టల బకెట్‌తో బాల్కనీ దాకా ఎగిరొచ్చింది. "ఇన్నావేటే పైడితల్లీ? మావోడు ఒంటిచేత్తో లారీ ఎత్తీసేడు!"

కాలనీ అంతా వినేలా అరవాలనిపించింది పైడితల్లికి. కానీ బిడ్డ లేస్తాడని గొంతు తగ్గించింది.

"లారీదేటుందొదినా? మా గుంట తమ్ముణ్ణెత్తుకుంది."